ఆన్‌లైన్‌లో ఉన్నత నర్సింగ్ విద్య: పాలమూరు, నల్లగొండ సబ్‌సెంటర్ల నుంచి చూస్తే

1. పాత్ర, పరిధి

నర్సింగ్ చదువు పూర్తిచేసి, కొంతకాలం వార్డుల్లో పనిచేసి, ఆపై ప్రత్యేక శిక్షణ పొంది, రోగిని స్వయంగా పరీక్షించి, జబ్బును అంచనా కట్టి, నిర్ణీత పరిధిలో మందులిచ్చి, ఆ పరిధి దాటినప్పుడు పై ఆసుపత్రికి పంపే నర్సును అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు అంటారు. ఈ పాత్ర 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రూపు కట్టింది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి, డాక్టర్లు చాలని చోట్ల పిల్లల ఆరోగ్యం చూసుకునేలా నర్సులకు అదనపు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ దేశంలో మూడున్నర లక్షలకు పైగా నర్స్ ప్రాక్టీషనర్లు ఉన్నారు. వారిలో ఎంతోమంది ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి దగ్గరే ఉండి, పూర్తిగానో కొంత భాగమో ఆన్‌లైన్‌లో చదివినవారే.

మన దేశంలో ఈ పాత్ర మూడు పాయలుగా ఎదుగుతోంది. మొదటిది, భారత నర్సింగ్ మండలి రూపొందించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు. ఇది రెండేళ్ల రెసిడెన్సీ. రెండోది, 18 నెలల మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ. మూడోది, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చదివి పల్లె సబ్‌సెంటర్లలో చేరే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ కొలువు. దీన్నే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, పొట్టిగా ఎంఎల్‌హెచ్‌పీ అంటున్నారు. అంతర్జాతీయ నర్సుల మండలి 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు ఉన్నత నర్సింగ్ పాత్రకు కనీసం మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలన్నాయి. ఆ కొలతకు మూడో పాయ అందదు. కానీ జనానికి దగ్గరగా ఉన్నది, చదువు తక్కువైనా బాధ్యత ఎక్కువగా ఉన్నది అదే. ఆన్‌లైన్ విద్య మీద ఎక్కువగా ఆధారపడాల్సిందీ అదే. అందుకే నాణ్యత గురించిన విచారణ అక్కడి నుంచి మొదలుకావాలి.

2. నేల, అవసరం

పాత మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాలు తెలంగాణకు దక్షిణపు మెట్ట. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. వైద్య కళాశాలలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేట కళాశాలలు 2019లో మొదలయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో తొలి ఎంబీబీఎస్ తరగతులు కూడా 2019లోనే. పెద్దాసుపత్రులు దగ్గరికి వచ్చిన మాట నిజమే. అయినా అమ్రాబాద్ మీది చెంచు పెంటకు, దేవరకొండ వైపు తండాకు, మక్తల్ అవతలి సరిహద్దు పల్లెకు మొదట అందేది సబ్‌సెంటరే. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలి.

ఆయుష్మాన్ భారత్ కింద 2018లో సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. కాన్పులు, టీకాలతో పాటు బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ వంటివన్నీ కలిపి 12 రకాల సేవలు వాటి బాధ్యత అయ్యాయి. తెలంగాణలో ఇవి పల్లె దవాఖానాలు. వీటి కోసం 2022 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1,569 ఎంఎల్‌హెచ్‌పీ పోస్టులు ప్రకటించింది. ఎంబీబీఎస్, బీఏఎంఎస్ చదివినవారితో పాటు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసిన నర్సులకూ అందులో చోటు దక్కింది. ఒక డాక్టరు కూర్చోగల కుర్చీలో నర్సు కూర్చుంటున్నదంటే, ఆమె చదువు ఎంత గట్టిదన్న ప్రశ్న ఊరి ప్రాణాలకు సంబంధించినది.

ఈ మెట్టకు తనవైన జబ్బులు, తనవైన జీవన పద్ధతులు ఉన్నాయి. నల్లగొండ పేరు చెబితే తాగునీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. పాలమూరు అంటే వలస. గర్భిణి ఏడో నెలలో ముంబయిలోనో పుణెలోనో అడ్డా మీద ఉంటుంది. కాన్పుకు ఊరికొస్తుంది, మళ్లీ పోతుంది. ఆమె రికార్డు ఒక చోట, రక్తపరీక్ష ఒక చోట, కాన్పు ఇంకో చోట. ఇవేవీ ఎక్కడో తయారైన సాధారణ వీడియో పాఠంలో ఉండవు.

3. దూరవిద్యకు తెలుగు మూలాలు, నర్సింగ్ మూలాలు

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ చాన్స్‌లర్ ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇగ్నోకు, తొలి వైస్ చాన్స్‌లరూ ఆయనే. చదువు మధ్యలో ఆగిపోయినవారికి, ఉద్యోగం వదల్లేనివారికి, ఊరు దాటలేనివారికి విశ్వవిద్యాలయం తలుపు తెరవాలన్నది ఆ ఉద్యమపు ఆశయం. ఆ తలుపులోంచి నర్సులూ లోపలికొచ్చారు. ఇగ్నో 1994లో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టింది. డిప్లొమా చదివి ఉద్యోగంలో ఉన్న నర్సులు పుస్తకాలు ఇంట్లో చదువుకుని, ప్రాక్టికల్స్ కోసం నిర్ణీత అధ్యయన కేంద్రాలకు వెళ్లేవారు. 2017లో కమ్యూనిటీ హెల్త్ బ్రిడ్జి కోర్సు కూడా ఇదే పద్ధతిలో వచ్చింది. థియరీకి స్వయం అధ్యయనం, ప్రాక్టికల్‌కు ఆసుపత్రి.

ప్రపంచంలో ఈ పద్ధతికి గట్టి ఉదాహరణ అమెరికాలోని కెంటకీ కొండల్లో ఉంది. మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1925లో అక్కడ ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీసు స్థాపించింది. నర్సు మిడ్‌వైఫ్‌లు గుర్రాల మీద తిరిగి కాన్పులు చేసేవారు. 1939లో మిడ్‌వైఫరీ పాఠశాల పెట్టారు. ఆ సంస్థే 1989లో దూరవిద్య కార్యక్రమం ఆరంభించింది. దాని వెనక ఒక స్పష్టమైన లెక్క ఉంది: నర్సును చదువు కోసం పట్నానికి పంపితే ఆమె తిరిగి రాకపోవచ్చు, చదువునే ఆమె ఊరికి పంపితే అక్కడే ఉంటుంది. అయితే విద్యార్థులు మొదట కొన్ని రోజులు క్యాంపస్‌కు వచ్చి, క్లినికల్ పని మొదలయ్యే ముందు మళ్లీ వచ్చి, గురువుల ఎదుట చేతిపని చేసి చూపించిన తర్వాతే సొంత ప్రాంతంలో రోగుల దగ్గరికి వెళ్లేవారు. దూరవిద్య అంటే గురువు దూరంగా ఉండడం కాదని ఆ సంస్థ మొదట్నుంచీ పట్టుపట్టింది.

4. పరిశోధనలు చెప్పేది

ఆన్‌లైన్ పాఠం తరగతి గది పాఠానికి సాటి వస్తుందా అన్న ప్రశ్న పాతదే. వైద్య, నర్సింగ్ రంగాల్లో జరిగిన 201 అధ్యయనాలను డేవిడ్ కుక్ బృందం 2008లో జామా పత్రికలో క్రోడీకరించింది. అసలు శిక్షణే లేనివారితో పోలిస్తే ఆన్‌లైన్‌లో నేర్చుకున్నవారు ఎంతో మెరుగయ్యారు. ఇతర పద్ధతుల్లో నేర్చుకున్నవారితో పోలిస్తే మాత్రం సగటున తేడా స్వల్పం. ఫలితాలు కూడా ఒక్కో కోర్సుకు ఒక్కోలా ఉన్నాయి. దీన్నిబట్టి ఒక విషయం తేలుతోంది. పాఠం ఇంటర్నెట్‌లో వచ్చిందా, గదిలో వచ్చిందా అన్నది నాణ్యతను నిర్ణయించదు. అభ్యాసం ఎంత, సమాధానం వెనక్కి వచ్చి తప్పు ఎక్కడో చెప్పేవారు ఎవరు అన్నవే నిర్ణయిస్తాయి.

రెండో ఆధారం సిమ్యులేషన్ గురించి. అమెరికా నర్సింగ్ మండళ్ల జాతీయ సంఘం పది నర్సింగ్ కళాశాలల విద్యార్థులతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, క్లినికల్ గంటల్లో సగం వరకు బొమ్మల మీద, కల్పిత సన్నివేశాల్లో చేయించినా ఫలితాలు తగ్గలేదు. దీన్ని ఉదహరించేవారు తరచూ వదిలేసే షరతులు రెండున్నాయి. ఆ సిమ్యులేషన్‌కు ప్రత్యేకంగా శిక్షణ పొందిన బోధకులు, తగిన పరికరాలు ఉన్నాయి. అది ప్రాథమిక నర్సింగ్ విద్యార్థులకు సంబంధించినది, స్వయంగా నిర్ణయాలు తీసుకునే నర్స్ ప్రాక్టీషనర్లకు సంబంధించినది కాదు.

మూడోది మన పల్లెలకు అన్నిటికంటే దగ్గరి ఆధారం. న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టాడు. మారుమూల క్లినిక్‌లలోని డాక్టర్లు, నర్సులు వారం వారం వీడియోలో కలిసేవారు. తమ సొంత రోగి కేసును నిపుణుల ముందు పెట్టి చర్చించేవారు. హెపటైటిస్ సి చికిత్సలో ఈ క్లినిక్‌ల ఫలితాన్ని విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఫలితంతో పోల్చి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. వైరస్ పూర్తిగా పోయినవారు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం, మారుమూల క్లినిక్‌లలో 58.2 శాతం. అక్కడ తెర మీద నడిచింది ఉపన్యాసం కాదు. ప్రతి వారం ఒక నిజమైన రోగి గురించి, ఆ రోగిని మళ్లీ చూడబోయే మనిషితో జరిగిన సంభాషణ అది. భారతదేశంలో కూడా ఎకో పద్ధతి వాడుకలో ఉంది.

5. పది ఆంపుల్స్

తెర ఎక్కడి వరకు పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఒక్క ఉదాహరణతో చూడవచ్చు. ఎనిమిదో నెల గర్భిణి సబ్‌సెంటర్‌కు వచ్చింది. తలకాయ పగిలిపోతున్నదని, కండ్లకు మసకలు కమ్ముతున్నయని అంటున్నది. బీపీ 160/110 దాటింది. మూత్రంలో ప్రోటీన్ ఉంది. ఇది తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా. ఏ నిమిషాన్నైనా ఫిట్స్ రావచ్చు. మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి, 108 అంబులెన్స్‌ను పిలిచి, పెద్దాసుపత్రికి పంపాలి.

మోతాదు 10 గ్రాములు. ఒక్కో పిరుదులో లోతుగా కండరంలోకి 5 గ్రాముల చొప్పున ఇవ్వాలి. 50 శాతం ద్రావణం ఉన్న 2 మిల్లీలీటర్ల ఆంపుల్‌లో 1 గ్రాము మందు ఉంటుంది. అంటే ఒక్కో వైపుకు ఐదు ఆంపుల్స్, మొత్తం పది. ఈ లెక్కను ఆన్‌లైన్‌లో నేర్పవచ్చు, పరీక్షించవచ్చు. ఎందుకు ఇస్తామో, మోతాదు మీరితే ఊపిరి ఎలా మందగిస్తుందో, విరుగుడుగా కాల్షియం గ్లూకొనేట్ ఎందుకు పక్కన ఉంచుకోవాలో కూడా తరగతి గది కంటే బాగా నేర్పవచ్చు. ఎందుకంటే ఆ పాఠాన్ని మళ్లీ మళ్లీ చూడవచ్చు.

కానీ పది ఆంపుల్స్ విరిచి, ఒక్కో వైపుకు 10 మిల్లీలీటర్ల చొప్పున మందును సిరంజిల్లోకి తీసుకుని, బాధతో మెలికలు తిరుగుతున్న మనిషిని పక్కకు తిప్పి, పిరుదు పైభాగంలో బయటి వైపు సరైన చోటు చూసి, సూది రక్తనాళంలో లేదని నిర్ధారించుకుని, నెమ్మదిగా ఇవ్వడం చేతికి రావాలి. తర్వాత మోకాలి రిఫ్లెక్స్ ఉందో లేదో సుత్తితో చూడాలి. ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదని లెక్కించాలి. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందో కొలవాలి. రిఫ్లెక్స్ మందగించడమంటే ఎలా ఉంటుందో ఆరోగ్యవంతుల మోకాళ్ల మీద వందసార్లు, మందు ఎక్కిన మోకాలి మీద కొన్నిసార్లైనా చూసిన చేతికే తెలుస్తుంది. ఆ కొన్నిసార్లూ పక్కన అనుభవమున్న మరో మనిషి నిలబడాలి.

ఉన్నత నర్సింగ్ విద్యలోని ప్రతి నైపుణ్యాన్నీ ఇలా విడదీయవచ్చు. తెలుసుకోవాల్సినది, ఆలోచించి తేల్చాల్సినది తెర మీద చక్కగా సాగుతాయి. చేతితో చేయాల్సినది, కంటితో గుర్తుపట్టాల్సినది రోగి దగ్గరే పడతాయి. ఈ రెండింటినీ వేళకు కలిపేదే నిర్ణయశక్తి. అది గురువు పర్యవేక్షణలో చాలా గంటలు గడిపితేనే వస్తుంది. అందుకే భారత నర్సింగ్ మండలి తన క్రిటికల్ కేర్ కోర్సులో థియరీకి 20 శాతం, క్లినికల్ అభ్యాసానికి 80 శాతం సమయం కేటాయించింది. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ విద్యకు చాలాకాలం 500 గంటల పర్యవేక్షిత క్లినికల్ పని కనీస ప్రమాణంగా ఉండేది. 2022లో దాన్ని 750 గంటలకు పెంచారు. ఆన్‌లైన్ కోర్సులు పెరుగుతున్న కాలంలోనే ఈ పెంపు జరగడం గమనించదగ్గది.

6. తెలంగాణ మిడ్‌వైఫరీ అనుభవం

తెలంగాణలో ఉన్నత నర్సింగ్ పాత్రకు అన్నిటికంటే స్పష్టమైన నమూనా మిడ్‌వైఫరీ. రాష్ట్రంలో కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇది 97 శాతం. అదే సర్వేలో సిజేరియన్ల వాటా 60.7 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. అనవసరపు కోత తగ్గాలంటే, సహజ కాన్పును ఓపికతో నడిపించే నిపుణురాలు ప్రతి లేబర్ రూమ్‌లోనూ ఉండాలి.

ఆ దిశగా రాష్ట్ర ప్రభుత్వం 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌ల తోడ్పాటుతో 18 నెలల మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించింది. మొదటి జట్టు కరీంనగర్‌లో శిక్షణ పొందింది. 2018 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు కూడా 18 నెలల శిక్షణనే నిర్దేశించాయి. ఈ శిక్షణకు బలం గురువు పక్కన ఉండడంలో ఉంది. నొప్పులు పడుతున్న స్త్రీని మంచానికి కట్టిపడేయకుండా నడిపించడం, ఆమెకు నచ్చిన భంగిమలో కాన్పు చేయడం, తొందరపడి కోత పెట్టకపోవడం, ఎప్పుడు డాక్టర్ని పిలవాలో తెలుసుకోవడం, ఇవన్నీ లేబర్ రూమ్‌లో రాత్రింబవళ్లు గడిపితేనే వస్తాయి.

ఆన్‌లైన్‌కు ఇక్కడ చోటు లేదని దీని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో కాన్పు పురోగతిని నమోదు చేసే కొత్త చార్టు తెచ్చింది. పార్టోగ్రాఫ్ అనే పాత చార్టులో గర్భాశయ ద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంటే చురుకైన దశ మొదలైనట్టు లెక్క. కొత్త దాంట్లో అది 5 సెంటీమీటర్లు. ఈ ఒక్క మార్పు వల్ల ఎన్నో అనవసరపు జోక్యాలు ఆగవచ్చు. ఇలాంటి మార్పు అచ్చంపేటలో పనిచేసే మిడ్‌వైఫ్‌కు పుస్తకంగా చేరాలంటే ఏళ్లు పడుతుంది. కేసు చార్టులతో కూడిన ఒక వీడియో తరగతిలో వారంలో చేరుతుంది. శిక్షణ ముగిసిన తర్వాత జిల్లాల్లోకి వెళ్లినవారు ఒంటరివారైపోకుండా గురువులతో, తోటివారితో కలిసి ఉండేందుకు ఆన్‌లైన్‌ను మించిన సాధనం లేదు. మొదటి నైపుణ్యం ఎదురుగా నిలబడి నేర్చుకోవాలి. దాన్ని నిలబెట్టుకోవడం, కొత్తది చేర్చుకోవడం దూరం నుంచి సాగవచ్చు.

7. పల్లె దవాఖానాలో చదువు

కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పరిస్థితి భిన్నం. ఆమె ఉండే చోట పక్కన నిలబడే గురువు లేరు. ఉన్నది ట్యాబ్, ఈ-సంజీవని. 2019 నవంబరులో మొదలైన ఈ టెలిమెడిసిన్ సేవలో ఆమె రోగిని తన ముందు కూర్చోబెట్టుకుని దూరంగా ఉన్న డాక్టర్‌తో మాట్లాడుతుంది. 2023 ఫిబ్రవరికి ఈ సేవ దేశవ్యాప్తంగా 10 కోట్ల సంప్రదింపులు దాటింది. దీన్ని రోగుల సేవగా మాత్రమే లెక్కిస్తున్నారు. నిజానికి ఇది ప్రతిరోజూ జరిగే క్లినికల్ పాఠం కాగలదు. డాక్టరు మందు పేరు చెప్పి లైను పెట్టేస్తే అది సంప్రదింపు. ఛాతీ మీద స్టెతస్కోపు ఎక్కడ పెట్టావు, ఏం వినిపించింది, నీ అంచనా ఏమిటి అని అడిగి, ఆమె జవాబు సరిదిద్దితే అది విద్య. తేడా రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలు డాక్టరు పనిలో భాగమని ప్రభుత్వం రాతపూర్వకంగా గుర్తించాలి.

తర్వాతది భాష. కోర్సు ఇంగ్లిషులో ఉంటుంది, రోగి మాట పాలమూరు తెలుగులో ఉంటుంది. పానం మంచిగ లేదంటాడు, ఎగపోస్తున్నదంటాడు, గుండెల దడ అంటాడు, రెక్కలు గుంజుతున్నయంటాడు. ఎగపోత అన్నది ఆస్తమానో, గుండె వైఫల్యమో, రక్తహీనతో తేల్చడానికి ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలో ఆ మాటల్లోనే నేర్పాలి. నడుము బిగుసుకుపోయి మెడ తిప్పలేని పెద్దమనిషి మర్రిగూడ వైపు నుంచి వస్తే, కీళ్లవాతం మందు రాసే ముందు పాతికేళ్లపాటు ఏ బోరు నీళ్లు తాగాడో అడగాలని కోర్సు చెప్పాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న జాతీయ ప్రమాణం ఈ జిల్లాల నర్సుకు పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు, ఓపీలో వాడాల్సిన జ్ఞానం. మిషన్ భగీరథ పథకం కింద మంచినీళ్లు వచ్చినా, పాత నీళ్లు ఎముకల్లో మిగిల్చినది ఇంకా ఓపీకి వస్తూనే ఉంది.

మూడోది సమయం. పగలంతా ఓపీ, సర్వేలు, రిజిస్టర్లు, యాప్‌లలో నమోదులు. రాత్రి ఇల్లు చక్కబెట్టుకుని ఫోన్ తెరిస్తే, నిద్రకళ్లతో వీడియో నడుస్తుంది. చివర ప్రశ్నల జవాబులు వాట్సాప్ గ్రూపులో దొరుకుతాయి. సర్టిఫికెట్ వస్తుంది, చదువు రాదు. దీనికి నర్సును తప్పుపట్టి లాభం లేదు. డ్యూటీలో భాగంగా వారానికి ఒక నిర్ణీత సమయం చదువుకు ఇవ్వని వ్యవస్థ ఆన్‌లైన్ కోర్సు పెట్టి నాణ్యత ఆశించకూడదు. ఇక సిగ్నల్. నల్లమలలో నెట్ తెగిపోతుందని తెలిసి కూడా ప్రత్యక్ష ప్రసారం మీదే ఆధారపడే కోర్సు అక్కడివారిని ముందే బయట పెట్టినట్టు. పాఠాలు దించుకుని ఆఫ్‌లైన్‌లో చూసుకునే వీలు, నెలకోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముఖాముఖి కలయిక తప్పనిసరి.

8. నాణ్యతను కొలిచే తీరు

ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు అన్న లెక్కలు సులభంగా దొరుకుతాయి కాబట్టి వాటినే నాణ్యతగా చూపిస్తున్నారు. నిజమైన కొలమానాలు ఆరు.

మొదటిది ప్రవేశం. వార్డులో పనిచేసిన అనుభవం ఉన్న నర్సుకే ఉన్నత పాఠం అంటుతుంది. రెండోది గురువుల సంఖ్య. వందల మందికి ఒకే ట్యూటరు ఉన్నచోట తప్పు దిద్దేవారు ఉండరు. మూడోది క్లినికల్ గంటలు, వాటికి సాక్ష్యం. ఏ ఆసుపత్రిలో, ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని కాన్పులు, ఎన్ని రెఫరల్స్ అన్నది లాగ్‌బుక్‌లో ఉండాలి, ఆసుపత్రి రిజిస్టర్‌తో సరిపోవాలి. నాలుగోది ప్రిసెప్టర్, అంటే ఆసుపత్రిలో విద్యార్థి బాధ్యత తీసుకునే సీనియర్. అమెరికాలో కొన్ని ఆన్‌లైన్ కోర్సులు ప్రిసెప్టర్‌ను విద్యార్థులే వెతుక్కోవాలని వదిలేయడం మీద తీవ్ర విమర్శ వచ్చింది. ఆ భారం సంస్థే మోయాలి. మన దగ్గర మహబూబ్‌నగర్, నల్లగొండ బోధనాసుపత్రుల సీనియర్ నర్సింగ్ ఆఫీసర్లకు ప్రిసెప్టర్ శిక్షణ, గౌరవవేతనం, పని తగ్గింపు ఇస్తే ఈ కొరత తీరుతుంది.

ఐదోది పరీక్ష. థియరీ పరీక్ష ఎలా పెట్టినా, చేతిపని పరీక్ష మాత్రం ఎదురుగా, స్టేషన్ల వారీగా, బయటి పరీక్షకుల ముందు జరగాలి. ఆరోది ఫలితం. కోర్సు ముగిసిన ఏడాదికి ఆ నర్సు సబ్‌సెంటర్‌లో బీపీ రోగుల్లో ఎంతమందికి బీపీ అదుపులో ఉంది, ప్రమాదపు గర్భిణుల్ని ఏ నెలలో గుర్తించింది, పంపిన రెఫరల్స్‌లో ఎన్ని సకాలంలో జరిగాయి అన్నది చూడాలి. ఈ సమాచారం ప్రభుత్వ రిజిస్టర్లలో ఇప్పటికే ఉంది. దాన్ని కోర్సుతో ముడిపెట్టి చూసే పనే మిగిలింది.

9. చట్టం, కాపలా

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020 నిబంధనల్లో నర్సింగ్‌ను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో డిగ్రీగా ఇవ్వరాని విభాగాల జాబితాలో చేర్చింది. దీని వెనకున్న భయం న్యాయమైనదే. 2023 జనవరిలో అమెరికా దర్యాప్తు సంస్థలు ఫ్లోరిడాలోని మూడు సంస్థలు 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మాయని బయటపెట్టాయి. చేయని క్లినికల్ గంటలకు కాగితాలు పుట్టించారు. నర్సు చదువులో మోసం జరిగితే దాని మూల్యం చెల్లించేది రోగి.

అయితే నిషేధం ఒక్కటే నాణ్యతను తేదు. డిగ్రీని ఆపినా, ఉద్యోగంలో ఉన్న నర్సుకు నిరంతర విద్య ఎలాగూ ఆన్‌లైన్‌లోనే వస్తోంది. సర్టిఫికెట్ కోర్సులు, వెబినార్లు, శిక్షణ పోర్టళ్లు ఏ కాపలా లేకుండా పెరుగుతున్నాయి. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. విద్యా ప్రమాణాలు నిర్ణయించే అధికారం ఆ కమిషన్‌కు ఉంటుంది. థియరీలో ఎంత భాగం ఆన్‌లైన్‌లో ఉండవచ్చు, ఏ నైపుణ్యాలు ఎదురుగానే నేర్పాలి, పర్యవేక్షిత గంటలు కనీసం ఎన్ని అన్నవి కోర్సు వారీగా తేల్చడం ఆ అధికారంతో జరగాల్సిన మొదటి పని. రాష్ట్రంలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పల్లె దవాఖానాల కోసం తెలుగు కేసులతో, జిల్లా ఆసుపత్రుల క్లినికల్ కేంద్రాలతో ఒక ఉమ్మడి కోర్సు రూపొందించగలదు.

10. తేలినది

ఆన్‌లైన్ విద్య ఉన్నత నర్సింగ్‌కు పనికిరాదన్న వాదన నిలవదు. అది చాలునన్న వాదనా నిలవదు. దక్షిణ తెలంగాణ మెట్టలో పనిచేసే నర్సుకు ఆన్‌లైన్ కావాలి. ఎందుకంటే హైదరాబాద్‌లోని గురువు, ఆమె రోగి ఒకే వారంలో ఒకే చర్చలో కలవడానికి మరో దారి లేదు. కానీ ఆ చదువు విలువ ఆమె గురువు ఎదుట రోగి దగ్గర గడిపిన గంటల మీద, చదువుకోవడానికి డ్యూటీలో దొరికిన సమయం మీద, ఏడాది తర్వాత ఆమె ఊళ్లో కనిపించిన ఫలితం మీద నిలుస్తుంది. ఈ మూడూ లేని కోర్సు ఎంత మంచి పోర్టల్‌లో నడిచినా దానికి విద్య అన్న పేరు ఇవ్వకూడదు.

ప్రభుత్వం సర్టిఫికెట్లను కాక క్లినికల్ గంటలను లెక్కించాలి. విశ్వవిద్యాలయాలు ఈ జిల్లాల జబ్బులతో, ఈ జిల్లాల మాటలతో పాఠాలు రాయాలి. బోధనాసుపత్రులు పల్లె దవాఖానా నర్సును తమ విద్యార్థిగా స్వీకరించాలి. టెలిమెడిసిన్ డాక్టర్లు మందు చెప్పిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు ఆగి నేర్పాలి. నర్సులు తమకు గురువు కావాలని, చదువుకు సమయం కావాలని హక్కుగా అడగాలి. అడగడం వారి స్వార్థం కాదు. ఆ సబ్‌సెంటర్ మీద ఆధారపడ్డ ప్రతి మనిషి తరఫున వారు చేయాల్సిన పని అది.